ఎవరికి లాభం? – సిసెరో ప్రసంగాలు, రోమన్ అపరాధ పరిశోధక నవల

వ్యాససంగ్రహం

రోమన్ గణతంత్రం పతనమవుతున్న కాలాన్ని నేపథ్యంగా స్వీకరించిన అపరాధ పరిశోధక నవలల్లో అమెరికన్ రచయిత స్టీవెన్ సేలర్ రచించిన 'రోమా సబ్ రోజా' నవలామాలికకు ప్రత్యేక స్థానముంది. ఇందులోని 'రోమన్ బ్లడ్' (1991), 'ఎ మర్డర్ ఆన్ ది అప్పియన్ వే' (1996) నవలలకు క్రీ.పూ. 80, క్రీ.పూ. 52 సంవత్సరాల్లో సిసెరో వాదించిన రెండు హత్యాకేసులు ఆధారం. న్యాయవాది తన కక్షిదారు కోసం చేసిన ప్రసంగమే చరిత్రకు ముఖ్య ఆధారంగా మిగిలినప్పుడు, నవలలోని పరిశోధకుడు ఆ ఆధారాన్ని ఎలా పరీక్షిస్తాడు? రెండు కేసుల్లోనూ వినిపించకుండా పోయిన బానిసల సాక్ష్యాన్ని కల్పన ఎలా పూరిస్తుంది? ఆ పూరణకు ఉన్న పరిమితి ఏమిటి? ఈ వ్యాసం ఈ ప్రశ్నలను చర్చిస్తుంది.

కీలకపదాలు: చారిత్రక అపరాధ పరిశోధక నవల, స్టీవెన్ సేలర్, సిసెరో, అస్కోనియస్, క్లోడియస్ హత్య, బానిస సాక్ష్యం.

ప్రవేశిక

తెలుగులో విశ్వవిద్యాలయ విద్యార్థి చేసేదీ పరిశోధనే, డిటెక్టివ్ చేసేదీ పరిశోధనే. ముందు 'అపరాధ' అన్న మాట చేర్చి రెండోదాన్ని వేరుచేస్తాం. అంతకు మించిన భేదం భాషలో లేదు. ఇది కేవలం పదాల కలయిక అనిపించవచ్చు. కానీ ప్రాచీన రోమ్ నేపథ్యంగా వచ్చిన డిటెక్టివ్ నవలలను చదువుతున్నప్పుడు ఈ ఒక్క మాటే ఆ నవలల స్వభావాన్ని బాగా పట్టి ఇస్తుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. అక్కడ పరిశోధకుడు పరీక్షించేది రక్తపు మరకలను, పాదముద్రలను కాదు. చరిత్రకారుని బల్లమీద ఉండే ప్రసంగపాఠాన్నే అతడు మరో విధంగా చదువుతాడు.

చారిత్రక డిటెక్టివ్ నవల కొత్త ప్రక్రియ కాదు. అగాథా క్రిస్టీ 1944లో ప్రాచీన ఈజిప్టును నేపథ్యంగా తీసుకొని 'డెత్ కమ్స్ యాజ్ ది ఎండ్' రాసింది. 1977లో ఎలిస్ పీటర్స్ సృష్టించిన బ్రదర్ కాడ్‌ఫెల్, 1980లో ఉంబెర్టో ఎకో 'ది నేమ్ ఆఫ్ ది రోజ్' మధ్యయుగాల సన్యాసి మఠాలను ఈ ప్రక్రియలోకి తెచ్చాయి. రోమ్ వంతు ఆ దశాబ్దం చివర వచ్చింది. లిండ్సే డేవిస్ 'ది సిల్వర్ పిగ్స్' 1989లో, జాన్ మాడాక్స్ రాబర్ట్స్ 'ఎస్.పి.క్యు.ఆర్.' 1990లో, సేలర్ 'రోమన్ బ్లడ్' 1991లో వెలువడ్డాయి. మూడు సంవత్సరాల్లో మూడు దీర్ఘ నవలామాలికలు మొదలయ్యాయి. అయితే మధ్యయుగ మఠం గురించి రాసేవారికి లేని ఒక వసతి, దానితోపాటే ఒక చిక్కు, రోమ్ గురించి రాసేవారికి ఉన్నాయి. నిజంగా జరిగిన హత్యలపై నిజంగా జరిగిన విచారణల్లోని వాదనలు కొన్ని అక్షరరూపంలో మిగిలాయి. వాటిలో ఎక్కువభాగం ఒకే మనిషివి. 1975లో మైకేల్ గ్రాంట్ సిసెరో ప్రసంగాలు కొన్నింటిని అనువదించినప్పుడు పెంగ్విన్ సంస్థ ఆ సంపుటాన్ని 'మర్డర్ ట్రయల్స్' అన్న పేరుతో ప్రచురించింది. పేరు వింటేనే నవలకు కావలసిన సామగ్రి ఎక్కడుందో తెలుస్తుంది.

పోలీసు లేని నగరం

మన డిటెక్టివ్ నవలల్లో పరిశోధకుని వెనుక ఒక రాజ్యవ్యవస్థ ఉంటుంది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, అతని సహాయకుడు రాజు నేరస్థుణ్ణి కనిపెట్టిన తరువాత అప్పగించడానికి పోలీసులున్నారు, శిక్షించడానికి న్యాయస్థానముంది. గణతంత్ర కాలపు రోమ్‌లో ఇది లేదు. నేరపరిశోధన చేసే ప్రభుత్వ శాఖ గానీ, రాజ్యం తరఫున అభియోగం మోపే అధికారి గానీ లేరు. ఎవరైనా ఒక పౌరుడు ముందుకు వచ్చి నేరం మోపాలి. సాక్షులను, ఆధారాలను అతడే సమకూర్చుకోవాలి. స్థిరమైన విచారణ న్యాయస్థానాల్లో మొదటిది క్రీ.పూ. 149లో ఏర్పడింది, అదీ రాష్ట్రపాలకుల అక్రమార్జనపై ఫిర్యాదుల కోసం. హత్యలను, విషప్రయోగాలను విచారించే న్యాయస్థానాన్ని నియంత సుల్లా క్రీ.పూ. 81 నాటి చట్టంతో పునర్వ్యవస్థీకరించాడు. రాత్రిపూట నగరంలో గస్తీ తిరిగి, మంటలార్పే 'విజిలెస్' దళాలు అగస్టస్ కాలంలో, క్రీ.శ. 6లో గాని రాలేదు.

సేలర్ కథానాయకుడు గోర్డియానస్‌కు 'ఫైండర్' అని పేరు, అంటే వెతికి తీసేవాడు. ఇటువంటి వృత్తి ఆనాడు ఆ పేరుతో ఉండేదని చెప్పలేం, కానీ ఆ వృత్తికి చోటిచ్చే ఖాళీ మాత్రం నిజంగానే ఉండేది. న్యాయవాదికి ఆధారాలు కావాలి, తెచ్చిపెట్టే యంత్రాంగం లేదు. ఆ ఖాళీలోకి రచయిత తన పాత్రను ప్రవేశపెట్టాడు. ఇందువల్ల ఒక ముఖ్య పరిణామం కలిగింది. గోర్డియానస్‌ను నియమించేవారు ఎప్పుడూ ఏదో ఒక పక్షానికి చెందినవారే. సత్యం కోసం సత్యాన్ని కోరే యజమాని అతనికి దొరకడు. అధికారం చేతులు మారుతున్న కాలంలో ఒక హత్యను గురించి ఎవరు అడుగుతున్నారన్నది ఎవరు చంపారన్న ప్రశ్నంత ముఖ్యం.

ఒకే సాక్షి ఉన్న కేసు: రోస్కియస్

క్రీ.పూ. 80. సుల్లా ప్రత్యర్థుల పేర్లతో ప్రకటించిన ప్రోస్క్రిప్షన్ జాబితాల భయం ఇంకా నగరాన్ని వదలలేదు. ఆ జాబితాలోకి ఎక్కినవాణ్ణి ఎవరైనా చంపవచ్చు, చంపినవారికి బహుమానం, హతుని ఆస్తి ప్రభుత్వ వేలానికి. క్రీ.పూ. 81 జూన్ 1తో ఆ జాబితాలను ముగించారు. తరువాత కొన్ని నెలలకు అమేరియా పట్టణానికి చెందిన సంపన్నుడు సెక్స్‌టస్ రోస్కియస్ రోమ్‌లో రాత్రి విందు ముగించుకొని వస్తూ పల్లసీనా స్నానశాలల దగ్గర హత్యకు గురయ్యాడు. గడువు దాటిన తరువాత కూడా అతని పేరు జాబితాలోకి ఎక్కింది. సిసెరో చెప్పిన లెక్క ప్రకారం 60 లక్షల సెస్టర్సుల విలువైన ఆస్తిని, 13 వ్యవసాయ క్షేత్రాలతో సహా, సుల్లా ఆంతరంగికుడైన విముక్త బానిస క్రిసోగోనస్ 2000 సెస్టర్సులకు పాడుకొన్నాడు. తండ్రిని చంపాడన్న అభియోగం మాత్రం కొడుకు మీద పడింది. పితృహత్యకు శిక్ష తోలుసంచిలో కుట్టి నీటిలో పారవేయడం. ఆ కొడుకు తరఫున 26 ఏళ్ళ సిసెరో నిలబడ్డాడు.

ఆస్తి వేలం ధర విషయంలో ఒక చిన్న పాఠభేదాన్ని ప్రస్తావించాలి. ప్లూటార్క్ ఈ ధరను 2000 ద్రాక్మాలని రాశాడు. ద్రాక్మా సుమారు నాలుగు సెస్టర్సులకు సమానం. అంటే అంకె అదే, సొమ్ము నాలుగింతలు. ఆస్తి విలువ దగ్గర మాత్రం ప్లూటార్క్ చెప్పిన 250 టాలెంట్లు సిసెరో చెప్పిన 60 లక్షల సెస్టర్సులకు సరిగ్గా సరిపోతాయి. ఏ లెక్కన చూసినా ఆ వేలం దోపిడే, సందేహం లేదు. కానీ ఈ కేసులో మనకు తెలిసిన దాదాపు ప్రతి వివరమూ నిందితుని న్యాయవాది నోటినుంచి వచ్చినదేనని మరచిపోరాదు.

సిసెరో వాదనకు కేంద్రం ఒక పాత ప్రశ్న. లూసియస్ కాసియస్ అనే కఠినుడైన న్యాయాధికారి ప్రతి విచారణలోనూ 'దీనివల్ల ఎవరికి లాభం?' అని అడిగేవాడట. లాభపడినవారు ఇద్దరు బంధువులు: కాపిటో చేతికి మూడు క్షేత్రాలు వచ్చాయి, మాగ్నస్ మిగిలినవాటికి క్రిసోగోనస్ తరఫు నిర్వాహకుడయ్యాడు. హత్యావార్తను గ్లాసియా అనే మనిషి తేలికబండ్లు మార్చుకొంటూ రాత్రికి రాత్రి పది గంటల్లో 56 మైళ్ళు ప్రయాణించి అమేరియాకు చేర్చాడు. చేర్చింది కొడుకు ఇంటికి కాదు, కాపిటో ఇంటికి. డిటెక్టివ్ నవల చదివే అలవాటున్నవారికి ఇంతకంటే మంచి ఆధారం అక్కరలేదు.

కానీ ఆ ప్రశ్ననే కొడుకు వైపు తిప్పితే? తండ్రి తనను వారసత్వం నుంచి తొలగించే ఆలోచనలో ఉన్నాడని అభియోగ పక్షం చెప్పింది. అందుకు రుజువు చూపలేదని సిసెరో దాన్ని తోసిపుచ్చాడు. ఎదుటి పక్షపు ప్రసంగం మనకు మిగలలేదు కాబట్టి వారు ఏమి చూపారో, ఏమి చూపలేదో చెప్పడానికి మళ్ళీ సిసెరోయే సాక్షి. సేలర్ నవల ఈ చీలికలోనుంచే పుట్టింది. ముగింపును ఇక్కడ చెప్పక తప్పదు: నిర్దోషిగా విడుదలైన కొడుకుకు తండ్రి హత్యలో భాగముందని గోర్డియానస్ తీర్పు తరువాత తెలుసుకొంటాడు. కుట్రదారులు ఒకరినొకరు మోసగించుకొన్నారు, సిసెరో వాదనలోని దోపిడీ నిజమే, కక్షిదారు నిర్దోషిత్వం మాత్రం నిజం కాదు. ఈ ముగింపుకు చారిత్రక ఆధారం లేదు, ఉండే అవకాశమూ లేదు. అయినా ఇది ఊరికే తెచ్చిపెట్టిన మలుపు కాదు. ఒకే సాక్షి ఉన్న కేసులో ఆ సాక్షి అడగకుండా దాటవేసిన ప్రశ్నను నవలాకారుడు అడిగాడు.

రెండో సాక్షి దొరికిన కేసు: క్లోడియస్ హత్య

ఇరవై ఎనిమిది సంవత్సరాల తరువాత సిసెరో మరో హత్యాకేసులో నిలబడ్డాడు. అప్పటికి అతడు కాన్సుల్ పదవి నిర్వహించినవాడు, ప్రవాసం అనుభవించి తిరిగి వచ్చినవాడు. నగర వీథులు రెండు ముఠాల చేతిలో ఉన్నాయి. ఒకటి ప్రజాపక్షం పేరుతో నడిచే పబ్లియస్ క్లోడియస్‌ది, రెండోది టైటస్ అన్నియస్ మిలోది. క్రీ.పూ. 52 సంవత్సరం కాన్సుల్ ఎన్నికలు జరగకుండానే మొదలైంది. మిలో కాన్సుల్ పదవికి, క్లోడియస్ ప్రైటర్ పదవికి పోటీదారులు. జనవరి 18న అప్పియన్ మార్గం మీద, రోమ్‌కు సుమారు 12 మైళ్ళ దూరంలోని బొవిలే సమీపంలో వీరిద్దరి పరివారాలు ఎదురుపడ్డాయి. క్లోడియస్ చనిపోయాడు.

మరునాడు జనం శవాన్ని ఫోరమ్‌కు మోసుకువెళ్ళి, సెనేట్ భవనంలోనే బల్లలు, ఆసనాలు, లేఖకుల పుస్తకాలు పేర్చి దహనం చేశారు. భవనం కూడా కాలిపోయింది. కాన్సుళ్ళు లేని రాజ్యంలో చివరకు సెనేట్ పాంపేను ఏకైక కాన్సుల్‌గా నియమించింది. ఇద్దరు కాన్సుళ్ళ నియమంపైనే నిలిచిన వ్యవస్థకు ఇది పెద్ద దెబ్బ. దారిపక్క పూటకూళ్ళ ఇంట్లో జరిగిన ఒక హత్య గణతంత్ర పతనంలో ఒక మెట్టు అయిందన్నది అతిశయోక్తి కాదు.

ఈ కేసులో 'ఎవరు చంపారు' అన్నది రహస్యం కాదు. విచారణ జరుగుతున్నప్పుడే అందరికీ తెలుసు. అందువల్ల మామూలు డిటెక్టివ్ నవలకు ఇది పనికిరాని వస్తువు. దీన్ని నవలకు అనువుగా మార్చింది మరొకటి: రోస్కియస్ కేసులో లేని రెండో సాక్షి ఇక్కడ ఉన్నాడు. క్వింటస్ అస్కోనియస్ పెడియానస్ ఈ సంఘటన జరిగిన దాదాపు వందేళ్ళకు, తన కుమారుల చదువు కోసం సిసెరో ప్రసంగాలకు వ్యాఖ్య రాశాడు. నాటి అధికారిక నమోదులను చూసి రాసిన ఆ వ్యాఖ్యలో కొంతభాగమే మిగిలింది. అది కూడా 1416లో పోజియో, అతని మిత్రులు సెయింట్ గాల్ మఠంలో ఆ ప్రతిని కనిపెట్టకపోతే మనదాకా వచ్చేది కాదు. పిల్లలకు పాఠం చెప్పడానికి రాసిన టిప్పణి ఒక మహావక్తను పట్టి ఇచ్చిన తీరు సాహిత్య చరిత్రలో అరుదైన విషయం.

ఇద్దరి కథనాలనూ పక్కపక్కన పెట్టి చూద్దాం. సిసెరో ప్రకారం క్లోడియస్ మాటువేశాడు. భార్య లేకుండా, బండి లేకుండా గుర్రం మీద, ఆయుధధారులతో వచ్చాడు. మిలో భార్యతో బండిలో కూర్చొని, దాసీజనంతో, పిల్లవాళ్ళతో తాపీగా వెళుతున్నాడు. మాటు సంగతి తప్ప అస్కోనియస్ వీటిలో దేన్నీ కాదనడు. క్లోడియస్ గుర్రం మీదే ఉన్నాడు, వెంట కత్తులు ధరించిన 30 మంది బానిసలున్నారు. మిలో బండిలోనే ఉన్నాడు, పక్కన భార్య ఫౌస్టా ఉంది. ఆమె ఆ సుల్లా కూతురే. కానీ వారి వెనుక పెద్ద బానిసల వరుస నడుస్తోంది, అందులో యుడామస్, బిర్రియా అనే పేరుపొందిన గ్లాడియేటర్లున్నారు. సిసెరో అబద్ధం చెప్పలేదు; వరుస చివరిదాకా చూపలేదు. పరివారాల తోకలు తగులుకొన్నప్పుడు గొడవ మొదలైంది. వెనుదిరిగి ఉరిమి చూసిన క్లోడియస్ భుజంలో బిర్రియా బల్లెం దింపాడు. గాయపడినవాణ్ణి బొవిలేలోని పూటకూళ్ళ ఇంటికి చేర్చారు. బతికి ఉంటే మరింత ప్రమాదమని తలచి మిలో అతణ్ణి బయటికి లాగించి చంపించాడు. మొదటి దెబ్బ అనుకోకుండా తగిలింది, చివరి దెబ్బ ఆజ్ఞ ప్రకారం తగిలింది. సిసెరో వాదన మొత్తం ఈ రెండు దెబ్బల మధ్య సమయాన్ని కనిపించకుండా చేయడం మీద ఆధారపడి ఉంది.

సమయం ప్రస్తావన వచ్చింది కనుక ఈ కేసులో అన్నింటికన్నా ఆసక్తికరమైన వివరాన్ని కొంచెం విస్తరించి చెప్పాలి. ఘర్షణ సుమారు తొమ్మిదో గంటకు జరిగిందని అస్కోనియస్ అన్నాడు. సిసెరో దాదాపు పదకొండో గంట అన్నాడు. రోమన్లు సూర్యోదయం నుంచి అస్తమయం దాకా ఉన్న పగటిని, అది ఎంత పొడవైనా, 12 భాగాలు చేసేవారు. శీతకాలంలో పగలు తొమ్మిది గంటలే అనుకొంటే ఒక్కొక్క 'గంట' మన ముప్పావుగంట మాత్రమే. ఆ లెక్కన తొమ్మిదో గంట మన ఒంటిగంటన్నరకు మొదలవుతుంది, పదకొండో గంట మూడింటికి మొదలై మూడుముప్పావుకు ముగుస్తుంది. నాలుగున్నరకు సూర్యాస్తమయం.

ఇప్పుడు శవం సంగతి. రోడ్డు మీద పడి ఉన్న దేహాన్ని ఆ దారిన వస్తున్న సెక్స్‌టస్ టెయిడియస్ అనే సెనేటర్ చూసి, తన పల్లకిలో పెట్టించి రోమ్‌కు పంపాడు. రాత్రి మొదటి గంట గడవకముందే అది నగరం చేరింది. బోయీలు మోసే పల్లకి 12 మైళ్ళు, అంటే సుమారు 18 కిలోమీటర్లు నడవడానికి ఎంత వేగంగా వెళ్ళినా మూడు గంటలు పడుతుంది. దానికి ముందు ఘర్షణ, గాయపడినవాణ్ణి మోసుకుపోవడం, పూటకూళ్ళ ఇంటి ముట్టడి జరగాలి. తొమ్మిదో గంటకు మొదలైతే ఇవన్నీ ఇరుకుగా సరిపోతాయి. పదకొండో గంటకు మొదలైతే సరిపోవు.

మరి సిసెరో గడియారాన్ని ఎందుకు ముందుకు జరిపాడు? క్లోడియస్ ఆ రాత్రి తన ఆల్బన్ భవనంలోనే ఉండవలసినవాడని, సైరస్ అనే వాస్తుశిల్పి మరణవార్త అందడంతో హఠాత్తుగా రోమ్‌కు బయలుదేరాడని అతని పక్షం చెప్పింది. సిసెరో దానికి జవాబిస్తూ, సైరస్ చావుబతుకుల్లో ఉన్నాడని క్లోడియస్‌కు ముందునాడే తెలుసునని, పదో గంటకు వార్త వచ్చిందని రాత్రివేళ ప్రయాణం కట్టవలసిన అవసరం ఏముందని అడిగాడు. ఘర్షణ ఎంత ఆలస్యంగా జరిగితే క్లోడియస్ ప్రయాణం అంత అసహజంగా కనిపిస్తుంది; అంత అసహజమైతే అది మాటే అవుతుంది. సమయాన్ని విరగ్గొట్టడంలో సిసెరో కొత్తవాడేమీ కాదు. బోనా డియా వ్రతంలోకి స్త్రీవేషంతో చొరబడిన కేసులో క్రీ.పూ. 61లో క్లోడియస్ తాను ఆ రోజు ఇంటరామ్నాలో ఉన్నానన్నప్పుడు, ఆ రోజే రోమ్‌లో చూశానని సాక్ష్యం చెప్పినవాడు సిసెరోయే.

సేలర్ నవలలో పాంపే కోరికపై గోర్డియానస్ తన కొడుకు ఎకోతో కలిసి అప్పియన్ మార్గం వెంట వెళ్ళి, దారిలోని మనుషులను ఒక్కొక్కరిగా ప్రశ్నిస్తాడు: పూటకూళ్ళ ఇంటివారిని, దారిపక్క గుడి అర్చకురాలిని, కమతాల మీది బానిసలను. పాఠకునికి ఇది ప్రయాణంగా కనిపిస్తుంది. అస్కోనియస్ తెలిసినవారికి ఇది రెండు పాఠాల పోలికగా కనిపిస్తుంది. వ్యాఖ్యలో ఒక వాక్యంగా ఉన్నది నవలలో ఒక సాక్షి అవుతుంది. రోస్కియస్ కేసులో వలె ఇక్కడ రచయితకు స్వేచ్ఛ లేదు. రెండో ఆధారం అతని చేతులు కట్టివేసింది. ఈ వ్యాసకర్త దృష్టిలో 'ఎ మర్డర్ ఆన్ ది అప్పియన్ వే' మెరుగైన నవల కావడానికి కారణం ఆ బంధనమే.

తీర్పు వివరాలు క్లుప్తంగా చెబితే చాలు. ఏప్రిల్‌లో జరిగిన విచారణలో అభియోగ పక్షానికి రెండు గంటలు, నిందితునికి మూడు గంటలు ఇచ్చారు. ఎంపిక చేసిన 81 మంది న్యాయనిర్ణేతల్లో ఇరుపక్షాలూ తిరస్కరించినవారు పోగా 51 మంది ఓటు వేశారు. 38 మంది దోషి అన్నారు, 13 మంది నిర్దోషి అన్నారు. ఫోరమ్ చుట్టూ పాంపే సైనికులు, మధ్యలో క్లోడియస్ మనుషుల కేకలు. సిసెరో తన సహజ ధైర్యంతో మాట్లాడలేకపోయాడు. ఆనాడు నిజంగా మాట్లాడిన పాఠం అస్కోనియస్ కాలానికి అందుబాటులో ఉండేది. ఇప్పుడు మనం చదివేది తరువాత సిసెరో తీర్చిదిద్దిన ప్రసంగం. మస్సీలియాకు ప్రవాసం వెళ్ళిన మిలో దానిని చదివి, ఇదే న్యాయస్థానంలో మాట్లాడి ఉంటే తనకు ఇక్కడి రుచికరమైన చేపలు తినే భాగ్యం దక్కేది కాదన్నాడని డియో కాసియస్ రాశాడు.

బానిసల మాట

ఈ రెండు కేసులనూ కలిపి చదివినవారికి కనిపించే విషయం మరొకటుంది. రోస్కియస్ చనిపోయినప్పుడు అతని వెంట ఇద్దరు బానిసలున్నారు. వారిని విచారణకు అప్పగించమని కొడుకు తరఫున అడిగారు. ఆస్తితోపాటు బానిసలూ క్రిసోగోనస్ ఇంటికి చేరారు, వారిని అప్పగించలేదు. ఏమి దాచడానికి ఇవ్వలేదని సిసెరో గట్టిగా నిలదీశాడు. క్రీ.పూ. 52లో మిలో తన బానిసలకు స్వేచ్ఛనిచ్చాడు. రోమన్ న్యాయంలో బానిస సాక్ష్యం హింసపెట్టి రాబట్టినప్పుడే చెల్లుతుంది. స్వేచ్ఛ పొందినవాణ్ణి హింసించకూడదు. ఈసారి సిసెరో అది యజమాని ప్రాణం కాపాడినవారికిచ్చిన బహుమానమని సమర్థించాడు. అదే సమయంలో క్లోడియస్ బానిసలను ఎదుటి పక్షం హింసపెట్టి ప్రశ్నించింది. అది జరిగిన చోటు పేరు 'అట్రియమ్ లిబర్టాటిస్', అంటే స్వేచ్ఛామందిరం. వారు వందరోజులు అభియోక్త చేతిలోనే ఉన్నారు కనుక ఆ సాక్ష్యానికి విలువ లేదని సిసెరో కొట్టివేశాడు. జనవరి 18 నుంచి ఏప్రిల్ తొలివారానికి వంద రోజులెలా అవుతాయని సందేహం రావచ్చు. ఆ ఏడాది రోమన్ల పంచాంగంలో ఫిబ్రవరి తరువాత ఒక అధికమాసం వచ్చింది. ఈ సంగతి మరచిన నవలాకారుని కాలక్రమం ఒక నెల తప్పుతుంది.

'ఎవరికి లాభం' అన్న కాసియస్ ప్రశ్నను సిసెరో ఈ రెండో ప్రసంగంలోనూ వాడుకొన్నాడు. మిలోకు లాభం లేదు, క్లోడియస్‌కే ఉంది అన్నది అతని వాదన. ఒకే ప్రశ్న, ఒకే న్యాయవాది, రెండు కేసులు. రెండింటిలోనూ కళ్ళతో చూసినవారు బానిసలు. ఒకసారి వారిని మాట్లాడించాలని వాదించాడు, ఒకసారి వారు మాట్లాడకుండా పోవడాన్ని సమర్థించాడు. ఇది కపటమని తీర్పు చెప్పడం సులువు. న్యాయవాది ధర్మం అదేనని సమర్థించడమూ సులువే. చరిత్రకారునికి మిగిలేది మాత్రం రెండుచోట్లా ఒకే నిశ్శబ్దం.

నవల ఈ నిశ్శబ్దంలోకి ప్రవేశిస్తుంది. 'రోమన్ బ్లడ్'లో గోర్డియానస్ హతుని బానిసలను వెతికి మాట్లాడతాడు. 1992లో వచ్చిన 'ఆర్మ్స్ ఆఫ్ నెమెసిస్'లో ఈ అంశమే కథావస్తువు అయింది. స్పార్టకస్ తిరుగుబాటు కాలంలో ఒక యజమాని హత్యకు గురైతే ఆ ఇంటి బానిసలందరినీ చంపించడానికి క్రాసస్ సిద్ధపడతాడు, పరిశోధకునికి కొద్ది రోజులే గడువు. ఇది రచయిత ఊహించిన క్రూరత్వమనుకోనక్కరలేదు. క్రీ.శ. 61లో నగరపాలకుడు పెడానియస్ సెకండస్‌ను అతని బానిస ఒకడు చంపినప్పుడు, ఆ ఇంటి 400 మంది బానిసలకు మరణశిక్ష అమలైన సంగతి టాసిటస్ చరిత్రలో ఉంది.

అయితే ఇక్కడే ఈ నవలల బలహీనత కూడా ఉంది. గోర్డియానస్ దయగల యజమాని. బానిసగా ఉన్న బెథెస్డాకు స్వేచ్ఛనిచ్చి పెళ్ళి చేసుకొంటాడు, వీథిలోని మూగపిల్లవాడు ఎకోను, బానిసబాలుడు మెటోను దత్తత తీసుకొంటాడు. బానిసలు అతని ముందు మనసు విప్పుతారు. నిజమైన రోమ్‌లో ఒక బానిస అపరిచిత పౌరునికి నిజం చెప్పడంవల్ల కలిగే లాభం ఏమిటి? కాసియస్ ప్రశ్నను ఇక్కడ నవలనే అడగాలి. ఆ మాటలు విని ఊరట పొందేది 20వ శతాబ్దపు పాఠకుడు. హింస లేకుండానే సాక్ష్యం దొరికే లోకాన్ని రచయిత అతనికి సమకూర్చాడు. సేలర్ ఆధారాలను ఎంత నిశితంగా పరీక్షించినా, తన కథానాయకుని మంచితనాన్ని అంత నిశితంగా పరీక్షించలేదు.

మిగిలిన ఇద్దరు రచయితల దారి వేరు. రాబర్ట్స్ కథకుడు డిసియస్ మెటెల్లస్ ఉన్నతవంశీయుడు, వృద్ధాప్యంలో అగస్టస్ కాలం నుంచి వెనుదిరిగి తన జ్ఞాపకాలు చెబుతాడు. అతనికి మిలో స్నేహితుడు, క్లోడియస్ శత్రువు. అంటే సిసెరో నిలబడిన పక్షాన్నే కథకునికి ఇచ్చారు. కథ హుషారుగా సాగుతుంది, ఆధారంతో ఘర్షణ మాత్రం తగ్గిపోతుంది. లిండ్సే డేవిస్ ఫాల్కో క్రీ.శ. 70లో, నలుగురు చక్రవర్తులను చూసిన ఏడాది ముగిసిన మరుసటి సంవత్సరంలో కనిపిస్తాడు. అప్పటికి గస్తీ దళాలున్నాయి, అతని మిత్రుడు పెట్రోనియస్ అటువంటి ఉద్యోగే. ఫాల్కో హాస్యం, వీథి పరిజ్ఞానం గొప్పవే. కానీ అతడు ఎదిరించవలసిన సిసెరో ప్రసంగం ఏదీ లేదు కనుక అతని పరిశోధన ఈ చర్చకు కొంత వెలుపల నిలుస్తుంది.

సౌఫీయస్ ఓటు

మిలోకు శిక్షపడిన కొద్ది రోజులకు అదే సంఘటనపై మరో విచారణ జరిగింది. నిందితుడు మార్కస్ సౌఫీయస్, బొవిలేలో పూటకూళ్ళ ఇంటిని ముట్టడించి క్లోడియస్‌ను చంపిన గుంపుకు నాయకుడు. వాదించినవారు సిసెరో, కేలియస్. 25 మంది దోషి అన్నారు, 26 మంది నిర్దోషి అన్నారు. చంపమన్నవాడు ప్రవాసానికి వెళ్ళాడు, ముందుండి చంపించినవాడు ఒక్క ఓటుతో బయటపడ్డాడు. అక్కడ సిసెరో ఏమని వాదించి ఆ ఒక్క ఓటు సంపాదించాడో చెప్పే ప్రసంగం మిగలలేదు. దానిపై నవల రాయదలచినవారికి అస్కోనియస్ వదిలిన కొద్ది పంక్తులు, ఓట్ల లెక్క మాత్రమే దొరుకుతాయి.